గోధుమ మానిపించే ముందు ఒక్క రక్తపరీక్ష

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లాలోని గుణుపురం. మా పెద్దమ్మాయికి ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా కడుపు ఉబ్బరం, నెలలో సగం రోజులు నీళ్ళ విరేచనాలు, నోట్లో పుళ్ళు. ఐరన్ సిరప్ ఎన్ని సీసాలు పట్టించినా రక్తం పెరగడం లేదు. ఈడు పిల్లల పక్కన నిలబెడితే జానెడు పొట్టిగా కనిపిస్తుంది. సికిల్‌సెల్ పరీక్ష చేయిస్తే లేదన్నారు. నులిపురుగుల మందు మూడుసార్లు వేశాము. రాయపూర్‌లో ఉండే మా ఆడపడుచు "గోధుమ పడటం లేదేమో, మానిపించి చూడండి" అంటే మూడు వారాల క్రితం చపాతీలు, ఉప్మా, బిస్కెట్లు ఆపేశాము. పిల్ల కొంత తేరుకుంది. తరవాత విశాఖపట్నంలో చూపిస్తే పిల్లల డాక్టరుగారు గోధుమ వల్ల పేగు పాడయ్యే సీలియాక్ వ్యాధి కావచ్చని రక్తపరీక్ష రాశారు, అవసరమైతే మళ్ళీ గోధుమ పెట్టి ఎండోస్కోపీ చెయ్యాల్సి వస్తుందన్నారు. నయమవుతున్న పిల్లకు మళ్ళీ అదే పెట్టడం ఏమిటని మా అత్తగారు ఒప్పుకోవడం లేదు, నాకూ చేతులు రావడం లేదు. పరీక్ష తప్పదా? ఆ వ్యాధే అని తేలితే జన్మంతా ఎలా నెట్టుకురావాలి? రెండేళ్ళ మా అబ్బాయికి కూడా వస్తుందా?

సమాధానం: పరీక్ష తప్పదమ్మా. ఆ రక్తపరీక్షను ఈ వారంలోనే చేయించండి. ఈ మొదటి పరీక్ష కోసం మళ్ళీ గోధుమ పెట్టి ఎదురుచూడనక్కర లేదు, ఎందుకంటే మీరు ఆపి మూడు వారాలే అయింది. సీలియాక్ వ్యాధి ఉన్నవారి రక్తంలో కనిపించే యాంటీబాడీలు (రక్షణ వ్యవస్థ తయారుచేసే పదార్థాలు) గోధుమ మానిన మర్నాడే మాయం కావు, నెలల తరబడి మెల్లగా తగ్గుతూ వస్తాయి. ఇప్పుడే రక్తం ఇస్తే ఇంకా పట్టుబడే అవకాశం బాగానే ఉంది. మరో రెండు మూడు నెలలు తటపటాయిస్తే ఆ అవకాశం చేజారిపోవచ్చు. డాక్టరుగారు రాసింది బహుశా టీటీజీ ఐజీఏ అనే పరీక్ష అయి ఉంటుంది. దానితోపాటు మొత్తం ఐజీఏ (యాంటీబాడీల్లో ఒక రకం) ఎంత ఉందో కూడా చూడమని అడగండి. కొందరి శరీరంలో ఐజీఏ పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది, అలాంటివారికి వ్యాధి ఉన్నా మొదటి పరీక్ష లేదనే చెబుతుంది. రెండూ ఒకే రక్తంతో అయిపోతాయి, పిల్లకు రెండోసారి సూది పడదు.

ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానంటే, ఈ తొందరపాటు నేనూ చేశాను కనుక. నేను పర్లాకిమిడిలో పుట్టి పెరిగి, పిల్లల వైద్యంలోనే ముప్ఫై ఏళ్ళు గడిపిన దాన్ని. అయినా నా తమ్ముడి కూతురి విషయానికి వచ్చేసరికి వైద్యురాలిలా కాక మేనత్తలా ఆలోచించాను. ఫోనులో లక్షణాలు వినగానే "ముందు గోధుమ ఆపండి, పరీక్ష సంగతి తరవాత చూద్దాం" అన్నాను. ఐదు నెలలకు పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. పిల్ల బాగుంది, కాగితం మీద వ్యాధి లేదు, ఏది నమ్మాలో ఎవరికీ తెలియలేదు. చివరకు ఎనిమిది వారాలపాటు రోజూ చపాతీలు పెట్టి, దాని కడుపు మళ్ళీ ఉబ్బుతుంటే చూస్తూ, రెండోసారి పరీక్ష చేయించాము. ఆ ఎనిమిది వారాలూ పిల్ల పడిన బాధ నా తొందర వల్ల వచ్చిందే. మీ ఇంట్లో అలా జరగకూడదనే ముందు పరీక్ష మాట ఎత్తాను.

గోధుమలోను, బార్లీలోను, మనవైపు కనిపించని రై అనే ధాన్యంలోను గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. చపాతీ పిండి సాగేది దాని వల్లే. సీలియాక్ వ్యాధి ఉన్నవారి పేగులోకి అది చేరినప్పుడు, శరీరంలోని రక్షణ వ్యవస్థ శత్రువు మీదికి వెళ్ళినట్టు లేచి, ఆ గొడవలో సొంత చిన్నపేగునే గాయపరుస్తుంది. చిన్నపేగు లోపలి గోడ తివాచీ నూలులా సన్నని ఆంత్రచూషకాలతో నిండి ఉంటుంది. తిన్న అన్నంలోని సారాన్ని పీల్చుకునేవి అవే. అవి అరిగి చదునైపోతే ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఐరన్ సిరప్ సీసాలకు సీసాలు ఖాళీ అవుతున్నా రక్తం పెరగకపోవడానికి కారణం ఇదే కావచ్చు, మందు లోపలికి చేరుతోంది కానీ పీల్చుకునే చోటు పాడై ఉంది. ఇది అంటువ్యాధి కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని నిలబెట్టినవాడు డికె అనే డచ్చి దేశపు పిల్లల వైద్యుడు. ఆయనకు అంతకు ముందునుంచే అనుమానం ఉండేది. రెండో ప్రపంచయుద్ధం చివర 1944–45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చి రొట్టె దొరకకుండా పోయినప్పుడు, ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బున్న పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె మళ్ళీ రాగానే మళ్ళీ పడిపోయారు. 1950లో ఆయన దీన్నే తన పరిశోధన గ్రంథంగా రాశాడు.

ఇక్కడి డాక్టర్లకు రెండేళ్ళపాటు ఇది ఎందుకు తట్టలేదని మీకు కోపం ఉండవచ్చు. వారిని పూర్తిగా తప్పుపట్టలేను. రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల్లో పాలిపోయిన పిల్ల ఎదురైతే సికిల్‌సెల్, మలేరియా, కొంకిపురుగులు ముందు గుర్తుకు రావడమే సరైన పద్ధతి. పైగా ఇది వరి తినే ప్రాంతం. 2016లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో మన దేశపు పెద్దవాళ్ళలో ఈ వ్యాధి ఉత్తరాన నూటికి 1.23 మందికి, ఈశాన్యాన 0.87 మందికి, దక్షిణాన 0.10 మందికి మాత్రమే కనిపించింది. వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు దక్షిణాదివారిలోనూ తక్కువేమీ కాదు. పెద్ద తేడా ఉన్నది తినే గోధుమలోనే. ఆ మాట మన ఇళ్ళకు వర్తింపజేసి చూడండి. మా చిన్నతనంలో గోధుమ అంటే జ్వరం వచ్చినప్పుడు తినే రొట్టె. ఈనాడు పొద్దున ఉప్మా, బడికి బిస్కెట్లు, సాయంత్రం నూడుల్స్, షుగరు ఉన్న పెద్దవారి కోసం రాత్రి ఇంటిల్లిపాదికీ చపాతీ. వరి తినేవాళ్ళకు ఈ జబ్బు రాదనే ధీమా ఇక పనికిరాదు.

మీ అత్తగారి ప్రశ్న న్యాయమైనదే: మానితే తగ్గింది కదా, ఇంకా రుజువు ఎందుకు? గోధుమ మానగానే తేరుకునే జబ్బు ఇదొక్కటే కాదు. గోధుమ అలర్జీ వేరు, దాని పరీక్షలూ జాగ్రత్తలూ వేరు. ఎండోస్కోపీలో ఏ గాయమూ లేకుండానే గోధుమకు కడుపు ఉబ్బేవారున్నారు, వారికి ఇంత కఠినమైన పథ్యం అక్కర లేకపోవచ్చు. జియార్డియా అనే సూక్ష్మజీవి, పేగు క్షయ కూడా ఇవే లక్షణాలతో కనిపిస్తాయి, వాటికి మందు పడాలి. గోధుమ మానినందువల్ల కాస్త తెరిపి వచ్చిందని ఊరుకుంటే అసలు జబ్బు లోపల ముదురుతుంది. సీలియాక్ అయితే పథ్యం నూరేళ్ళ మాట. రేపు ఆ అమ్మాయి హాస్టల్లో చేరుతుంది, పెళ్ళి చేసుకుంటుంది, కడుపుతో ఉంటుంది. ప్రతిచోటా "నీకు ఇది నిజంగా ఉందా, లేక మీ అమ్మ అనుమానమా" అనే ప్రశ్న ఎదురవుతుంది. అప్పుడు దాని చేతిలో ఒక కాగితం ఉండాలి. అనుమానం మీద నడిచే పథ్యాన్ని పదిహేనేళ్ళ వయసులో చాలామంది పిల్లలు వదిలేస్తారు, అలా వదిలేసి ఎముకలు పెళుసై, రక్తం పడిపోయి వచ్చినవారిని నేను చూశాను.

ఇప్పుడు వచ్చే ఫలితాన్ని బట్టి దారి మారుతుంది. టీటీజీ విలువ ఉండవలసిన గరిష్ఠ పరిమితికి పదింతలు, అంతకన్నా ఎక్కువ ఉంటే, మరోసారి తీసిన రక్తంలో ఈఎంఏ అనే రెండో యాంటీబాడీ కూడా ఉన్నట్టు తేలితే, పిల్లల్లో ఎండోస్కోపీ లేకుండానే వ్యాధిని ఖాయం చెయ్యవచ్చని యూరప్‌లోని పిల్లల జీర్ణకోశ వైద్యులు 2020 మార్గదర్శకాల్లో చెప్పారు. అది మీ డాక్టరుగారు తూచి చెప్పవలసిన నిర్ణయం. విలువ అంతకన్నా తక్కువగా ఉన్నా ఎక్కువ వైపే ఉంటే ఎండోస్కోపీ అడుగుతారు. పేరు విని భయపడకండి: మత్తు ఇచ్చి, నోటి గుండా సన్నని గొట్టం పంపి, చిన్నపేగు మొదటి భాగం నుంచి గింజంత కూడా లేని ముక్కలు కొన్ని తీస్తారు. ఒక్క ముక్క చాలదు. గాయం అక్కడక్కడా మచ్చలుగా ఉండవచ్చు కనుక కనీసం నాలుగైదు చోట్ల తీయాలి. ఇది ముందే అడిగి తెలుసుకోవడం మీ హక్కు. పొద్దున వెళితే సాధారణంగా సాయంత్రానికి ఇంటికి పంపిస్తారు.

రక్తపరీక్ష ఏమీ లేదని చెబితే మాత్రం, ఆపిన గోధుమ వల్ల అలా వచ్చిందా, నిజంగా లేదా అన్నది తేలదు. అప్పుడు హెచ్ఎల్ఏ డీక్యూ2, డీక్యూ8 అనే జన్యుపరీక్ష ఒకటి ఉపయోగపడుతుంది. గోధుమ తింటున్నా మానినా దాని ఫలితం మారదు. ఆ జన్యువులు రెండూ లేవని వస్తే సీలియాక్ వ్యాధి దాదాపు లేనట్టే, పిల్లకు మళ్ళీ గోధుమ పెట్టే బాధ తప్పుతుంది. ఉన్నాయని వస్తే అంతమాత్రాన వ్యాధి ఉన్నట్టు కాదు, జబ్బు లేనివారిలో కూడా మూడోవంతు మందికి అవి ఉంటాయి. అప్పుడిక గోధుమ పెట్టి చూడక తప్పదు. సాధారణంగా రోజుకు ఒకటి రెండు చపాతీలకు సరిపడా, ఆరు నుంచి ఎనిమిది వారాలు పెట్టమంటారు. బడికి సెలవులున్న నెలలు చూసుకుని, డాక్టరుగారి ఫోను నంబరు దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి. వాంతులు, విరేచనాలు అదుపు తప్పి పిల్ల నీరసిస్తే గడువు పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే చెప్పండి, వారు పరీక్షను అనుకున్న తేదీకన్నా ముందే చేస్తారు. వంద ఆహార పదార్థాలకు ఒకేసారి పరీక్ష చేసి ఏది పడదో చెబుతామనే ఖరీదైన ప్యాకేజీల జోలికి మాత్రం వెళ్ళవద్దు. వాటితో ఈ వ్యాధి తేలదు.

వ్యాధి ఖాయమైందనే అనుకుందాం. అప్పుడు మీకు నేను చెప్పగల మంచిమాట ఏమిటంటే, పంజాబులో ఇదే జబ్బు వచ్చిన ఇల్లాలు వంటిల్లంతా మార్చుకోవాలి, మీరు మీ అమ్మమ్మ వంటకు తిరిగి వెళితే చాలు. అన్నం, పప్పు, పులుసు, పెరుగు, చద్దన్నం, ఒడియావారి పఖాళ, ఇడ్లీ, దిబ్బరొట్టె, పెసరట్టు, ఉప్పుడుపిండి, చోడి (రాగి) అంబలి, గంటి (సజ్జ) రొట్టె, సామల అన్నం, వీటిలో దేనిలోనూ గ్లూటెన్ లేదు. సంతలో దొరికే చోళ్ళు, స్థానికులు మండియా అంటారు చూడండి, ఈ పిల్లకు ఎంతో మేలు. సున్నం (కాల్షియం) తగ్గిన ఎముకలకు అవి బలం. ఒడియా పిండివంటల్లో చకుళి, ఆరిసె పిఠా బియ్యప్పిండితో చేసేవే. కాకరా పిఠా రవ్వతో చేస్తారు కనుక వద్దు, ఛెనాపోడ అనే పాలవిరుగుడు మిఠాయిలో కూడా చాలామంది రవ్వ కలుపుతారు. గుప్‌చుప్ (పానీపూరీ), సింగడా (సమోసా), ఖజా (కాజా) మాట చెప్పనవసరం లేదు. బొంబాయి రవ్వ, సేమ్యా, మైదా, ఇవన్నీ గోధుమే. ఇది తెలియక చపాతీ మాని ఉప్మా పెట్టేవారు చాలామంది ఉన్నారు, మీరు రెండూ ఆపారు కనుక ఆ పొరపాటు మీకు లేదు. బలానికని ఇచ్చే హార్లిక్స్‌లో బార్లీ, గోధుమ రెండూ ఉంటాయి. జ్వరమొస్తే కాచే బార్లీ నీళ్ళు కూడా ఇక లేవు.

వీటన్నిటికన్నా ఎక్కువగా మన ఇళ్ళలో ఇబ్బంది పెట్టేది ఇంగువ. తమ్ముడి కూతురికి వ్యాధి ఖాయమయ్యాక అన్నీ మానిపించినా ఆరు నెలలకు టీటీజీ దిగలేదు. వంటింట్లో కూర్చుని డబ్బాలు ఒక్కొక్కటిగా కిందికి దించి లేబుళ్ళు చదివాను. పోపులడబ్బా పక్కన ఉన్న చిన్న ఇంగువ డబ్బా వెనక, వేలిగోరంత అక్షరాల్లో, గోధుమపిండి అని ఉంది. అసలు ఇంగువ బంక చాలా ఘాటైనది, దాన్ని పొడి చెయ్యడానికి పిండి కలుపుతారు. ఎక్కువ కంపెనీలు కలిపేది గోధుమపిండో మైదానో. చారులో, పులిహోరలో, ఆవకాయలో, అప్పడాల్లో రోజూ చిటికెడు చొప్పున ఆ పిల్ల లోపలికి వెళ్ళింది. ముద్ద ఇంగువలోనూ కలిపేవారున్నారు కనుక అది కూడా చదివే కొనాలి. బియ్యప్పిండితో చేసిన ఇంగువ దొరికితే సరే, లేకపోతే వెల్లుల్లి పోపుతో సరిపెట్టండి.

చిటికెడుతో ఏమవుతుందని అనిపించడం సహజం. లెక్క చెబుతాను. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు వెళితే ఈ జబ్బున్నవారి పేగు మళ్ళీ గాయపడుతుందని పరిశోధనలో చూశారు. ఒక చపాతీలో సుమారు 3 గ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అంటే చపాతీని అరవై ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క. పీటమీద రాలే పొడిపిండి అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

అందుకే పిండిమర దగ్గర జాగ్రత్త పడాలి. మీ ముందు ఎవరో పది కిలోల గోధుమలు పట్టించి వెళితే, ఆ రాళ్ళ మధ్య, గొట్టంలో, కింద సంచిలో మిగిలిన పిండి మీ బియ్యప్పిండిలోకే దిగుతుంది. చూడటానికి తెల్లగానే ఉంటుంది, తేడా తెలియదు. ముందు ఒకటి రెండు కిలోల నూకలు పోయించి ఆ పిండిని పశువులకు వెయ్యడం ఒక పద్ధతి, కానీ నేను దాన్ని పూర్తిగా నమ్మను. పిల్లకు కావలసిన బియ్యప్పిండి, చోడిపిండి ఇంట్లోనే మిక్సీలో పట్టి జల్లించుకోండి, జల్లెడ కూడా వేరేది ఉండాలి. చపాతీలు కాల్చే పెనం మీద దాని దోసె వెయ్యవద్దు, దోసెపెనం ఒకటి విడిగా పెట్టండి. పూరీలు వేయించిన నూనెలో దాని అప్పడం వేయించవద్దు. ఇంకా చెప్పాలంటే, మీ ఇంట్లో రాత్రిపూట చపాతీల స్థానంలో అందరూ గంటి రొట్టెనో చోడి రొట్టెనో తింటే పెనం గొడవే ఉండదు, షుగరు ఉన్నవారికి ఎంత తినాలో వారి డాక్టరును అడిగితే సరిపోతుంది. బజారులో కొనేవాటి మీద గ్లూటెన్ ఫ్రీ అని ఉంటే, మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం అందులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదు. అవి ఖరీదైనవి, మీకు అంతగా అవసరమూ లేదు. ఓట్స్ సహజంగా మంచివే అయినా గోధుమతో కలిసిపోయి వస్తుంటాయి కనుక మొదటి ఏడాది ముట్టుకోకండి.

బడిలో మధ్యాహ్న భోజనం అన్నం, దాలమా (కూరగాయల పప్పు), గుడ్డు కనుక పెద్ద చిక్కు లేదు. వండే అమ్మను కలిసి, మసాలాలో ఇంగువ వేస్తారా అని ఒక్కసారి అడిగి రండి. చిక్కంతా పక్క పిల్లల బిస్కెట్టుతోనే. పిల్లకు మీరే నెమ్మదిగా చెప్పండి, ఎనిమిదేళ్ళ పిల్లకు అర్థమవుతుంది: "ఇది నీ పేగుకు పుండు చేస్తుంది, నీ తప్పు కాదు, ఎవరైనా ఇస్తే దాచుకుని నాకు ఇవ్వు, బదులుగా చిక్కీ ఇస్తాను." నువ్వు తినకూడదు అని పదిమందిలో అనకండి. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమరవ్వతో చేస్తారు. దాన్ని వద్దనడానికి మీ అత్తగారి మనసు ఒప్పకపోవచ్చు. మీ ఇంట్లో వ్రతమైతే బియ్యపు రవ్వతో చేయించండి, మరొకరి ఇంట్లోనైతే పండు ఇమ్మనండి. పెళ్ళి భోజనాలకు వెళ్ళేముందు ఇంట్లో కడుపునిండా తినిపించి, అక్కడ అన్నం, పెరుగు, అరటిపండుతో సరిపెట్టడమే మంచిది.

పథ్యం సరిగా సాగితే విరేచనాలు కొన్ని వారాల్లోనే తగ్గుతాయి, పేగు మానడానికి నెలలు పడుతుంది, టీటీజీ మామూలు స్థాయికి రావడానికి ఏడాది, రెండేళ్ళు కూడా పట్టవచ్చు. మొదట్లో పాలు పడకపోవచ్చు, ఆంత్రచూషకాలు మళ్ళీ మొలిచాక ఆ ఇబ్బంది చాలావరకు పోతుంది, అంతవరకూ పెరుగు ఇవ్వండి. ఐరన్ ఆపకండి, ఈసారి అది ఒంటికి పడుతుంది. డి విటమిన్, బి12, ఫోలిక్ ఆమ్లం కూడా ఒకసారి చూపించండి. మొదట ఆరు నెలలకు, తరవాత ఏడాదికోసారి టీటీజీ, ఎత్తు, బరువు చూపిస్తూ ఉండాలి. గోడకు గీత గీసి మూడు నెలలకోసారి ఎత్తు కొలవండి.

మీ అబ్బాయి గురించి. తోబుట్టువుల్లో ఇంచుమించు పదిమందిలో ఒకరికి ఈ వ్యాధి ఉండే అవకాశం ఉంది, కనుక అమ్మాయికి ఖాయమైతే వాడికీ, మీ ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలి. వాడికి అంగన్‌వాడీలో ఇచ్చే ఛతువా పిండిలో గోధుమ ఉంటుంది. భయపడి దాన్ని ఆపేయకండి, వాడి పరీక్ష అయ్యేదాకా పెట్టాల్సిందే. అయితే ఆ గిన్నె, చెంచా అక్కవి కాకుండా చూడండి. ఇప్పుడు లేదని వచ్చినా అక్కడితో అయిపోదు. వాడి ఎదుగుదల మందగించినా, కడుపు ఉబ్బినా వెంటనే, లేకపోతే కొన్నేళ్ళకోసారి మళ్ళీ చేయించాలి.

విశాఖపట్నం బయలుదేరే ముందు ఒక కాగితం మీద గోధుమ ఆపిన తేదీ, అంతకు ముందు రోజుకు ఎన్ని చపాతీలు తినేదో, ఆపాక ఏం మారిందో రాసుకుని వెళ్ళండి. రక్తం ఇచ్చేటప్పుడు ఆ తేదీని పరీక్ష చీటీ మీద కూడా వేయించండి. ఫలితం చదివే డాక్టరుకు అంకెతోపాటు ఆ తేదీ కూడా కనిపించాలి.